మృదంగం నేర్చుకున్నవాళ్ళు సల్సా ప్రొఫెసర్లు కాగలరా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విజయవాడలో మృదంగం డిప్లొమా పూర్తయింది, ఇంగ్లీషు ఎం.ఏ. రెండో ఏడు నడుస్తోంది. నాలుగేళ్ళుగా సల్సా, ప్లేనా, రెగెటాన్ వింటున్నారు. కాలేజీ ఫంక్షన్‌లో ఒక సల్సా పాటకి మృదంగం కూడా వాయించారు. కరీబియన్, లాటినో సంగీతం మీద పరిశోధన చేసి ప్రొఫెసర్ కావాలని ఉంది. మనవాళ్ళకి ఆ ఉద్యోగాలు ఇస్తారా, నేర్చుకున్న లయ పనికొస్తుందా, ఇంట్లోవాళ్ళు "మన సంగీతం వదిలేసి ఇదేంటి" అంటే ఏం చెప్పాలి?

ఇస్తారు. నాకు ఇచ్చారు. కాకపోతే ఎనిమిదేళ్ళ పిహెచ్‌డి, మూడేళ్ళ టెంపరరీ కొలువులు, నలభై పైచిలుకు అప్లికేషన్లు అయ్యాక ఇచ్చారు. మాది కాకినాడ. మా నాన్నగారు కూచిపూడి బృందాలకి మృదంగం వాయించేవారు. నేను న్యూయార్క్ దగ్గర ఒక యూనివర్సిటీలో పంతొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ప్యూర్టోరికో వాళ్ళ బొంబా, ప్లేనా అనే డ్రమ్ము సంగీతాలు నా ప్రధాన విషయం. ఈ మధ్య ట్రినిడాడ్ తాసా డ్రమ్ములు కూడా పట్టుకున్నాను.

ఈ శాస్త్రం పేరు ఎథ్నోమ్యూజికాలజీ. యాప్ కున్స్ట్ అనే డచ్చాయన 1950లో ఆ మాటని వాడుకలోకి తెచ్చారు. 1955లో అమెరికాలో దీనికో సొసైటీ పెట్టుకున్నారు. సంగీతాన్ని కాగితం మీది స్వరాలుగా కాకుండా, దాన్ని ఎవరు, ఎందుకు, ఎక్కడ కూర్చుని వాయిస్తారో వాళ్ళతో కలిపి చదవడం ఇందులో పని. మా అమ్మ మాత్రం ఇప్పటికీ "మావాడు డప్పుల మీద చదివాడు" అనే చెబుతుంది. ఆ మాటలో పెద్ద తప్పేం లేదు.

ఇంకో మాట. లాటిన్ అమెరికన్ వేరు, లాటినో వేరు. అమెరికా లోపల బతుకుతున్న ప్యూర్టోరికో, మెక్సికో, క్యూబా, డొమినికన్ మూలాల వాళ్ళని లాటినోలు అంటారు. మీరు వింటున్న సల్సాకి పునాది క్యూబా 'సోన్'. కానీ దానికి ఆ పేరూ ఆ రూపూ వచ్చింది న్యూయార్క్‌లో, ఎక్కువగా ప్యూర్టోరికో కుర్రాళ్ళ చేతుల్లో. సల్సా రికార్డుల కంపెనీ ఫానియా రికార్డ్స్‌ని 1964లో పెట్టింది కూడా ఈ ఊళ్ళోనే. నా ఫీల్డ్‌వర్క్ సగం సబ్‌వే టికెట్ ఖర్చుతోనే అయిపోయింది. అప్లికేషన్‌లో ఈ తేడా తెలియకుండా రాస్తే మొదటి పేరాలోనే దొరికిపోతారు.

లయ సంగతికొద్దాం. క్లావే గురించి మీరు వినే ఉంటారు. సల్సా అంతా నిలబడే మూల నడక అది: రెండు చెక్క ముక్కలు, ఐదు దెబ్బలు. మన లెక్కలో ఇలా చెప్పుకోండి: తకిట తకిట తకధిమి తక తకధిమి. మొత్తం పదహారు. ప్రతి సొల్లులో, అంటే తకిట, తక లాంటి ప్రతి ముక్కలో, మొదటి అక్షరం మీద దెబ్బ. అంతే, సోన్ క్లావే వచ్చేసింది. మూడో దెబ్బని ఒక్క అక్షరం ఆలస్యం చేసి తకిట తకధిమి తకిట తక తకధిమి అనండి, అది రుంబా క్లావే. మొదటి సగంలో మూడు దెబ్బలు, రెండో సగంలో రెండు. అందుకే దాన్ని 3-2 అంటారు. పాట రెండో సగం నుంచి ఎత్తుకుంటే 2-3.

చూశారా, మీకు రెండు నిమిషాల్లో వచ్చేసింది. పక్కన కూర్చున్న అమెరికన్ కుర్రాడికి రెండు వారాలు పడుతుంది. ఇక్కడే మనం బోర్లా పడతాం. క్లావేని లెక్కపెట్టడం ఒకటి, లోపల వినడం ఇంకొకటి. చాలా పాటల్లో ఆ చెక్కల్ని అసలు ఎవరూ వాయించరు. అయినా పియానో, కౌబెల్, ట్రంపెట్లు, గాయకుడు పదాన్ని విరిచే తీరు, అన్నీ దానికి కట్టుబడే ఉంటాయి. ఎవరైనా దిశ తప్పితే వాద్యకారులు ఒక్కసారిగా ముఖాలు చిట్లిస్తారు. ఆ తప్పుకి 'క్రుసాదో' అని పేరు, అంటే అడ్డం పడిందని. పైగా మనకి సమం మీద, అంటే ఆవర్తం మొదటి దెబ్బ మీద, ప్రాణం. సల్సా బేసు వినండి: ఒకటో దెబ్బ మీద సాధారణంగా మౌనం. రెండు దాటాక ఒకటి, నాలుగు మీద ఇంకొకటి, ఆ నాలుగో దానిలోనే రాబోయే ఆవర్తం తాలూకు స్వరం ముందే పలికేస్తుంది. మన అతీత గ్రహం, అంటే తాళం కంటే ముందే పాట ఎత్తుకోవడం, గుర్తొస్తుంది కదా? నాకూ అలాగే అనిపించి, మొదటి సెమినార్ పేపర్ మొత్తం ఆ పోలిక మీదే రాశాను. ప్రొఫెసర్ చివర్లో ఒక్క వాక్యం రాసి ఇచ్చారు: "ఈ మాట బేసు వాయించేవాళ్ళని అడిగావా?" అడగలేదు.

అసలు పాఠం న్యూయార్క్‌లోని దక్షిణ బ్రాంక్స్‌లో ఒక కసితాలో జరిగింది. 1970లలో ఆ ప్రాంతంలో వీధులకి వీధులు తగలబడిపోయాయి. ఖాళీ పడ్డ స్థలాల్లో ప్యూర్టోరికో వాళ్ళు చెత్త ఎత్తిపోసి, కూరగాయలు వేసి, తమ ద్వీపంలో ఉన్నట్టే చిన్న చెక్క ఇళ్ళు కట్టుకున్నారు. వాటినే కసితాలంటారు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ అన్నం, పంది మాంసం, డొమినో ఆట, ఆ తర్వాత డ్రమ్ములు. నన్ను మొదటి రోజు డ్రమ్ము దగ్గరికి రానివ్వలేదు. కుర్చీలు మోశాను. చాలా నెలలు మోశాను.

బొంబాలో రెండు రకాల డ్రమ్ములు. బారిల్ అంటారు, ఒకప్పుడు పీపాలకి మేక తోలు బిగించి చేసుకునేవారు కాబట్టి ఆ పేరు. బులెయాదోర్ ఒకే నడకని పట్టుకుని ఉంటుంది. ప్రీమో, కొందరు సుబిదోర్ అంటారు, అది మాట్లాడుతుంది. ఎవరితో? నాట్యం చేసే మనిషితో. ఆమె భుజం విసిరితే, పావడా అంచు ఝాడిస్తే, కాలు ఆపితే, ఆ కదలికని 'పికేతె' అంటారు, దానికి సరిగ్గా అదే క్షణంలో ప్రీమో దెబ్బ పడాలి. ముందే అనుకున్నది ఏమీ ఉండదు. ఆమె నడిపిస్తుంది, డ్రమ్ము వెంట నడుస్తుంది.

రెండేళ్ళు బులెయాదోర్ వాయించాక ఒకరోజు ప్రీమో నా ముందు పెట్టారు. నాన్నగారి పక్కన కూర్చుని వందల జతులు చూసినవాణ్ణి, నాట్యానికి వాయించడం నాకు కొత్తా? అరవై దాటిన ఒకావిడ లోపలికి వచ్చింది. నాలుగు పికేతెలు బాగానే పట్టుకున్నాను. ఉత్సాహం ఆగలేదు. చేతులు వాటంతట అవే మూడుసార్లు తిప్పి ఒక ముక్తాయింపు, అంటే ముగింపు లయ ముక్క, వేసేశాయి. సమం మీద ఠంచనుగా దిగాను. ఆవిడ ఆగిపోయింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసి, "ఇంతకీ నాట్యం చేస్తున్నది ఎవరు, నువ్వా నేనా?" అంది. అందరూ ఒకటే నవ్వు. మళ్ళీ ప్రీమో నా దగ్గరికి రావడానికి ఏడు నెలలు పట్టింది.

నా పిహెచ్‌డి థీసిస్‌లో నాలుగో అధ్యాయం మొత్తం ఆ ముక్తాయింపు నుంచి పుట్టిందే. కూచిపూడిలో నట్టువాంగం చెప్పేవాళ్ళు, మృదంగం, నర్తకి ముగ్గురికీ జతి ముందే తెలుసు. కలిసి చేరుకోవడమే అందం. ఇక్కడ చేరుకోవలసిన చోటే లేదు. మీ మృదంగం మిమ్మల్ని అక్కడి గుమ్మం దాకా తీసుకెళుతుంది. లోపల దాన్ని ఎప్పుడు ఆపాలో తెలియకపోతే కుర్చీలు మోయడమే మిగులుతుంది.

ఈ రంగంలో పెద్దవాళ్ళు కూడా తప్పులతోనే మొదలుపెట్టారు. ఫెర్నాందో ఓర్తిస్ (1881–1969) హవానా లాయరు. 1906లో ఆయన వేసిన పుస్తకం క్యూబాలోని ఆఫ్రికా మూలాల ఆచారాలని నేరశాస్త్రం కళ్ళతో చూసింది. వాళ్ళ పూజలు, డ్రమ్ములు ఆయనకి అప్పట్లో నేరాల కిందే లెక్క. అదే మనిషి ఆ డ్రమ్ముల ముందు దశాబ్దాల పాటు కూర్చుని, 1940లో 'ట్రాన్స్‌కల్చరేషన్' అనే భావన ఇచ్చాడు. రెండు సంస్కృతులు కలిసినప్పుడు ఒకటి ఇంకొకదాన్ని మింగేయదు, రెండూ కొంత పోగొట్టుకుని మూడోదేదో పుడుతుందని దాని సారం. 1952 నుంచి 55 వరకు ఆఫ్రో-క్యూబన్ వాద్యాల మీద ఐదు సంపుటాలు వేశాడు. 1906 పుస్తకాన్నీ ఆ ఐదు సంపుటాల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవమని నా విద్యార్థులకి చెబుతాను. ఒక మనిషి అభిప్రాయం మారడానికి ఎన్నేళ్ళు పడుతుందో కళ్ళకి కడుతుంది.

మీకు బాగా దగ్గరగా వచ్చేది పీటర్ మాన్యుయెల్ దారి. మన దేశంలో ఠుమ్రీ మీద, తర్వాత ఉత్తర భారతపు క్యాసెట్ల వ్యాపారం మీద పనిచేసి, అటు క్యూబా, ప్యూర్టోరికో సంగీతాల మీద, ఆపైన ట్రినిడాడ్, గయానాల్లోని భారతీయ సంతతి సంగీతం మీద రాశారు. ఒక అమెరికన్ భారతీయ సంగీతం నుంచి కరీబియన్‌కి వెళ్ళగలిగినప్పుడు, మనం వెళితే ఎందుకు ఆశ్చర్యపోతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ ఆశ్చర్యపోతారు. నా మొదటి మూడు ఇంటర్వ్యూల్లోనూ ఒకే ప్రశ్న: "తబలా కూడా చెబుతారా?" మృదంగం అని సరిదిద్దేవాణ్ణి. మూడోసారి, సరే చెబుతాను అన్నాను. అద్దె కట్టాలి కదా.

భాష దగ్గర ఎవరూ షార్ట్‌కట్ వెతకొద్దు. 1901లో టెక్సస్‌లో గ్రెగోరియో కోర్తెస్ అనే మెక్సికన్ రైతు దగ్గరికి ఒక షెరీఫ్ గుర్రం దొంగతనం విచారణకి వచ్చాడు. గుర్రం మారకం చేశావా అని దుబాసీ 'కబాయో' అనే మాటతో అడిగాడు. చేసింది ఆడగుర్రం, దానికి 'యేగువా' అని వేరే మాట. లేదన్నాడు కోర్తెస్. అబద్ధమాడుతున్నాడనుకున్నారు. మాటా మాటా పెరిగి కాల్పులు జరిగాయి, కోర్తెస్ సోదరుడికి దెబ్బ తగిలింది, షెరీఫ్ చచ్చిపోయాడు, కోర్తెస్ వందల మైళ్ళు పారిపోయాడు. సరిహద్దు పొడుగునా అతని మీద కథాగీతాలు పుట్టాయి, 'కొర్రీదో' అంటారు. అమెరికో పరేదెస్ అనే బ్రౌన్స్‌విల్ జర్నలిస్టు నలభైలలో పడ్డాక టెక్సస్ యూనివర్సిటీలో 1956లో పిహెచ్‌డి పూర్తి చేసి, 1958లో ఆ పాటల మీదే పుస్తకం వేశాడు. అమెరికాలో లాటినో జానపదాల చదువుకి దారి వేసినవాళ్ళలో ముందు వరసలో ఉంటాడు. మీరు పుస్తకాల స్పానిష్ మాత్రమే నేర్చుకుని వెళితే ఆ దుబాసీ పరిస్థితే మీదీ అవుతుంది. ప్యూర్టోరికో వాళ్ళు పదం చివర 'స' మింగేస్తారు. హైతీకి వెళితే క్రెయోల్, కురసావోకి వెళితే పాపియామెంతు. కరీబియన్ అంతా ఒకే భాష అనుకోవద్దు. మనకో సౌకర్యం ఉంది: స్పానిష్‌లో 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. అమెరికన్ విద్యార్థులు ఏడాది పాటు కుక్కకీ కానీకీ తేడా పలకలేక అవస్థపడతారు. మన నాలుక మొదటి రోజే తిరుగుతుంది.

హైదరాబాద్‌లో ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) స్పానిష్ ఉంది, ఢిల్లీలో ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఉంది. ఈ ఏడే చేరండి. డెలె (DELE) అనే స్పానిష్ పరీక్షలో బీ2 స్థాయి దాకా వస్తే అప్లికేషన్‌కి బలం.

ఇప్పుడు డప్పు, అంటే కరీబియన్‌కి వెళ్ళిన మన వాద్యాల సంగతి. 1838 నుంచి 1917 దాకా సుమారు 5 లక్షల మంది భారతీయులు కూలి ఒప్పందాల మీద కరీబియన్ తోటలకి వెళ్ళారు. గయానాకి 2,39,000 దాకా, ట్రినిడాడ్‌కి 1,44,000 దాకా. ఎక్కువమంది భోజ్‌పురి, అవధ్ ప్రాంతాలవాళ్ళు. మద్రాసు రేవు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులూ తెలుగువాళ్ళూ ఉన్నారు, అక్కడ అందర్నీ కలిపి 'మద్రాసీ' అనేశారు. గయానా కాళీమాయి పూజల్లో ఇప్పటికీ ఒక చేతి వాద్యం మోగుతుంది. దాన్ని వాళ్ళు 'తప్పు' అంటారు. న్యూయార్క్ క్వీన్స్‌లో గయానా వాళ్ళ గుడిలో మొదటిసారి ఆ మాట విని, ఏదో తప్పు జరిగిందేమో అనుకుని చుట్టూ చూశాను. తర్వాత చూస్తే, మంట దగ్గర తోలు కాచుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు. మా ఊరి జాతరలో డప్పు కాచే వాసనే.

కళ్ళు చెమర్చాయి, దాచను. కానీ అక్కడే జాగ్రత్త పడాలి. మనవాళ్ళలో చాలామంది కరీబియన్ వెళ్ళి అక్కడ ఇండియా ఎంత మిగిలిందో కొలుస్తారు. ట్రినిడాడ్ తాసా బృందం తీసుకోండి: రెండు తాసాలు, వాటిలో ఒకటి కటర్, రెండోది ఫూలే, ఒక పెద్ద డోలు, ఝాంఝ్ తాళాలు. మట్టి గిన్నెకి మేక తోలు, మంట మీద కాచుకోవడం, అంతా మన దగ్గరిలాగే ఉంటుంది. ఇప్పుడు చాలామంది నట్లూ బోల్టులూ బిగించే సింథటిక్ తోళ్ళు వాడుతున్నారు, మంట అక్కర్లేదు. వాళ్ళు వాయించే 'హ్యాండ్'లలో, అంటే నడకల్లో, కలిప్సో అనీ డింగోలే అనీ పేర్లున్నాయి. అవి బీహార్ నుంచి మోసుకెళ్ళినవి కావు, అక్కడ పుట్టినవి. మాన్యుయెల్ వాదన కూడా ఇదే: దాన్ని పాత సామానులా చూడకూడదు, అక్కడి వాళ్ళు పెంచి పెద్ద చేసిన కళ అది. 1987లో ద్రుపతీ రామ్‌గూనై 'చట్నీ సోకా' అనే పేరుని, అంటే భారతీయ సంతతి పాటా ట్రినిడాడ్ కార్నివాల్ పాటా కలిసిన సంగీతం పేరుని, జనంలోకి తెచ్చినప్పుడు పెద్దలు గొడవ చేశారు. ఈ రోజు అది లేని కార్నివాల్ లేదు.

ఇక చదువు, డబ్బు. అమెరికాలో పిహెచ్‌డికి మంచి ప్రోగ్రాంలు ఫీజు మాఫీ చేసి, స్టైపెండ్ ఇచ్చి, బదులుగా క్లాసులు చెప్పించుకుంటాయి. మామూలుగా ఐదేళ్ళకి హామీ ఇస్తారు, ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఆ మిగతా రెండు మూడేళ్ళే టెన్షన్. సొంత డబ్బుతో రమ్మనే చోటికి వెళ్ళొద్దు, అప్పు తీర్చేంత జీతం ఈ ఉద్యోగంలో రాదు. ఎక్కడ? లాటిన్ సంగీతానికి ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి పాత పేరుంది, అక్కడే జెరార్డ్ బెహాగ్ 1980లో లాటిన్ అమెరికన్ సంగీతానికి ఒక పత్రిక మొదలుపెట్టారు. లాస్ ఏంజెలెస్‌లోని యుసిఎల్ఏ యూనివర్సిటీలో ఫ్రాంటెరా సంకలనం ఉంది, సరిహద్దు ప్రాంతపు పాత రికార్డుల గని. న్యూయార్క్ హంటర్ కాలేజీలో 1973 నుంచి ప్యూర్టోరికో అధ్యయన కేంద్రం నడుస్తోంది, దాని ఆర్కైవ్‌లో నేను ఒక చలికాలం అంతా గడిపాను. కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో దశాబ్దాలుగా కర్ణాటక సంగీతం చెబుతున్నారు, మీ మృదంగానికి అక్కడ వెంటనే చోటు దొరుకుతుంది, కానీ ఆ చోటులోనే ఇరుక్కుపోయే ప్రమాదమూ ఉంది.

మన పాస్‌పోర్ట్‌తో వచ్చే చిక్కు ఎవరూ ముందు చెప్పరు. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫీల్డ్‌వర్క్ గ్రాంట్లు చాలావరకు అక్కడి పౌరులకే. నేను మూడో ఏడు దాకా ఇది తెలియకుండా ప్లాన్లు వేశాను. వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ ఏ దేశం వాళ్ళకైనా ఇస్తుంది, కానీ మీ పని ఆంత్రోపాలజీ వైపు నిలబడాలి. ప్యూర్టోరికో అమెరికా భూభాగమే కాబట్టి స్టూడెంట్ వీసాతో దేశంలోపలి విమానంలో వెళ్ళి రావచ్చు, వేరే వీసా అక్కర్లేదు. నిజం చెప్పాలంటే నేను క్యూబా వదిలి ప్యూర్టోరికో ఎంచుకోవడానికి సగం కారణం ఇదే. థీసిస్ ముందుమాటలో ఇలాంటివి ఎవరూ రాయరు.

ఉద్యోగాల సంగతి. 'కరీబియన్ సంగీతం' అని ప్రకటన వచ్చే సంవత్సరాలు అరుదు. మ్యూజిక్ డిపార్ట్‌మెంట్లతో పాటు లాటినో స్టడీస్, ఆంత్రోపాలజీ, అమెరికన్ స్టడీస్ అన్నిటికీ వెయ్యాలి. వచ్చాక మీరు చెప్పేది ఎక్కువగా మొదటేడు పిల్లలకి 'వరల్డ్ మ్యూజిక్', పద్నాలుగు వారాల్లో భూమండలం చుట్టేయడం. సల్సా బృందమో స్టీల్‌పాన్ (ట్రినిడాడ్ ఉక్కు డ్రమ్ములు) బృందమో నడపమంటారు. ఆరో ఏడు టెన్యూర్, అంటే ఉద్యోగం పక్కా చేయడం, దానికి సాధారణంగా ఒక పుస్తకం. నా పుస్తకం మీద వచ్చిన రాయల్టీతో మా ఇంట్లోవాళ్ళని ఒకసారి భోజనానికి తీసుకెళ్ళాను. నలుగురమే.

నేను చేసిన ఒక తప్పు మీరు చేయకండి. కసితాలో తీసిన రికార్డింగులన్నీ కలిపి ఒక ఆర్కైవ్‌కి ఇచ్చేశాను. సంతకాలు అన్నీ ఉన్నాయి, యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతీ ఉంది. రెండు పాటల మధ్య మైకు ఆపకుండా వదిలేసిన ఒక టేపులో ఒక కుటుంబం ఇల్లు అమ్మకం గురించి పోట్లాడుకుంది. ఆరేళ్ళ తర్వాత వాళ్ళ మేనకోడలు కాలేజీ ప్రాజెక్టు కోసం ఆర్కైవ్‌కి వెళ్ళి అది వింది. నాకు ఫోన్ చేసి అరవలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. ఆ టేపు మూయించాను. ఇప్పుడు ప్రతి రికార్డింగూ వాయించినవాళ్ళతో కూర్చుని మొత్తం విన్నాకే ఎక్కడికైనా పంపుతాను. ఈ పనిలో నా మంచి ఇంటర్వ్యూలన్నీ అలా వింటున్నప్పుడు వచ్చినవే, ఎందుకంటే తన చెయ్యి తను వింటూ మనిషి ఊరుకోలేడు.

ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియదు. నాన్నగారు ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు కసితాకి తీసుకెళ్ళాను. స్పానిష్ ముక్క రాదు. ముక్తాయింపు దగ్గర నన్ను ఆపిన ఆవిడే ఆ రోజు నాట్యం చేసింది. ఆయన అరగంట ఆమె పాదాలే చూసి, తిరిగి వచ్చేటప్పుడు రైల్లో "ఆ డ్రమ్మాయనకి కళ్ళు బాగా పనిచేస్తాయిరా" అన్నారు. ఆ తర్వాత నా చదువు గురించి అడగలేదు.

మీరు ఫంక్షన్‌లో వాయించిన ఆ పాట మళ్ళీ పెట్టుకోండి. మృదంగం ముట్టుకోకుండా కనీసం ముప్పై సార్లు వినండి. క్లావే 3-2నా, 2-3నా, కోరస్ మొదలయ్యే చోట దిశ అలాగే ఉందా, బేసు మొదటిసారి ఒకటో దెబ్బ మీద ఎక్కడ దిగింది, రాసి ఇక్కడే కింద పెట్టండి. మీరు వాయించిన వీడియో ఉంటే అది కూడా పెట్టండి, ముక్తాయింపు ఎక్కడ వేశారో చూద్దాం.